చెన్నపురిలో ఒక దినము: తెలుగు చరిత్రాధారముల పరిశీలనము

1. ప్రస్తావన

చరిత్ర రచనకు ఆధారములు రెండు తావుల లభించును. కొన్ని గ్రంథాలయములలోను, దస్తరములలోను ఉండును. కొన్ని నేలమీద ఉండును. మొదటివానిని చదువుటకు అక్షరజ్ఞానము చాలును. రెండవవానిని చదువుటకు కాలినడక కావలెను. ఈ రెండును ఒక్క నగరముననే విస్తారముగ లభించుట అరుదు. తెలుగువారి చరిత్రకు సంబంధించినంతవరకు అట్టి నగరము చెన్నపురి. అది తెలుగునాటి హద్దులలో లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు నగరము మద్రాసు రాష్ట్రముననే నిలిచిపోయినది. 1996 నుండి దాని అధికారనామము చెన్నై. రాష్ట్రము వేరైనను రాళ్లును తాళపత్రములును అధికభాగ మచ్చటనే ఉండిపోయినవి. కొన్నింటి ప్రతులు హైదరాబాదునకు వచ్చినవి. అయినను తెలుగుశాఖలలో పరిశోధన చేయు విద్యార్థి జీవితమున ఒక్కమారైనను ఆ నగరమునకు పోక తప్పదు.

ఇటీవల నాకు ఆ అవకాశము కలిగినది. అచ్చటి తెలుగువారి సంఘ మొకటి నగరనామమును గూర్చి ప్రసంగింపుమని నన్ను ఆహ్వానించినది. ప్రసంగము సాయంకాలమున. పగలంతయు నాదే. ఆ పగటిని నేను ప్రసంగవిషయమునకు సాక్ష్యములను చూచుటకు వినియోగించితిని. యాత్రావర్ణన మీ వ్యాసమునకు ప్రయోజనము కాదు. ఒక నగరమును చారిత్రకుడు ఎట్లు చదువవలెను, అట్లు చదివినపుడు ఏమి నిలుచును, ఏమి నిలువదు అను విషయమును నిరూపించుటయే దీని లక్ష్యము.

ఇట్టి పరిశీలనకు మన భాషలో మార్గదర్శకుడు లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. మార్గమున చూచిన ఊళ్లను, సత్రములను, ధరలను, ఆచారములను ఆయన దినదినము వ్రాసికొనెను. ఆ రచనను కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్ల 1838లో ముద్రింపించెను. దానినే దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో పరిష్కరించి ప్రకటించిరి. పుణ్యక్షేత్రమును దర్శింపబోయిన వాడు దారిని గూడ చదువుట వీరాస్వామయ్య మనకు నేర్పిన పాఠము. ఆయన స్వస్థలము చెన్నపట్టణమే యనుట గమనింపదగినది.

2. కోట

ఉదయమున మొదట చూడవలసినది సెంటు జార్జి కోట. దీని పుట్టుక అందఱు నెఱిగినదే. చంద్రగిరినుండి పాలించుచుండిన ఆరవీటి వేంకటపతిరాయల కాలమున ఈ తీరము దామెర్ల నాయకుల యధీనమున నుండెను. దామెర్ల చెన్నప్పనాయకుని పుత్రులలో వేంకటప్ప, అతనినే వేంకటాద్రి యనియు వ్యవహరింతురు, వందవాసి ప్రాంతమున ప్రభువై యుండెను. సోదరుడు అయ్యప్ప పూందమల్లిలో నుండెను. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే వేంకటాద్రి నుండి 1639లో ఒక దానపత్రమును పొందెను. ప్రతులలో దాని తేదీ జూలై 22గా నున్నది. కాని డే యీ తీరమునకు చేరినది జూలై చివర అగుటచే, ఆగస్టు 22 సరియని పలువురు నిర్ణయించిరి. నగరజన్మదినమును నేటికిని ఆగస్టు 22నే జరుపుచున్నారు.

మనకు చదువుటకు దొరకునది ఆ పత్రముయొక్క ఇంగ్లీషు పాఠము. దానిలో మద్రాసుపట్టణ మను రేవున కోట నిర్మాణమునకు వాగ్దానము కలదు. రెండేండ్లు ఆ స్థలముపై ఇంగ్లీషువారికి అధికారమును, అటుపిమ్మట సుంకములలో సగపాలును, నాణెములు ముద్రించుకొను హక్కును ఈయబడినవి. కోట వ్యయము నెవరు భరింపవలెనను విషయమున తరువాత తగవు పుట్టినది. నాయకుడే కట్టించి యిచ్చునని ఇంగ్లీషువారు తలచిరి, నాయకుడట్లు తలపలేదు. తుదకు వ్యయ మింగ్లీషువారి మీదనే పడినది. ఒక పత్రమును ఒక భాషనుండి మరియొక భాషలోనికి తెచ్చునపుడు ఒక్క సర్వనామము ఎంత ధనమునకు కారణమగునో చూడుడు. తెలుగుశాఖలో పాఠపరిష్కరణమును బోధించువారు ఉదాహరణగా జెప్పదగిన ఘట్టమిది.

1640 ఫిబ్రవరిలో డేయును, ఆండ్రూ కోగనును పరివారముతో ఇచటికి వచ్చిరి. కోటలో మొదటిభాగము ఏప్రిల్ 23, సెంటు జార్జి పండుగనాటికి పూర్తియగుటచే కోటకా పేరు వచ్చినది. నేడు కనబడు గోడలు మాత్రము ఆనాటివి కావు. 1746లో పరాసులు కోటను పట్టుకొని, 1749లో ఇంగ్లీషువారికి తిరిగి యిచ్చిరి. ఆ తరువాతనే ప్రాకారములు విస్తరింపబడి నేటి రూపము వచ్చినది. కావున ప్రాకారము చెంత నిలిచి 1639 సంవత్సరమును స్మరించువాడు పదునెనిమిదవ శతాబ్దపు గోడను పదునేడవ శతాబ్దముగా భ్రమించుచున్నాడు.

కోటలోని సెంటు మేరీ దేవాలయము 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠితమైనది. పిరంగిగుండ్లకు తాళునట్లు దాని పైకప్పు మందమైన కమానులతో కట్టబడినది. చుట్టును నేలపై పరచిన సమాధిశిలలపై లాటిను, పోర్చుగీసు మొదలగు భాషలలో వ్రాతలు కలవు. చూచువారు ఆ రాళ్లక్రింద మృతులు గలరని తలతురు. అది నిజము కాదు. ఆ శిలలు కోట వెలుపలి పాత శ్మశానమునుండి తెచ్చి యిచట పరచినవి. రాయి నిలిచిన చోటు వేరు. సంఘటన జరిగిన చోటు వేరు. ఈ సూత్రము ఆ దినమంతయు నన్ను వెన్నాడినది. చెన్నపురిలో మనకు గావలసిన సాక్ష్యములు దాదాపన్నియు ఒకచోటినుండి మరియొకచోటికి కదలింపబడినవే.

3. పాత నల్లపట్టణము

కోటకు ఉత్తరమున హైకోర్టు భవనము కలదు. 1892లో ప్రారంభింపబడిన ఆ యెఱ్ఱని కట్టడమునకు, దాని లోగిలికి క్రింద ఒక పట్టణము పూడిపోయి యున్నది. కంపెనీ దుబాసీలు, వర్తకులు, నేతగాండ్రు, అద్దకపు పనివారు నివసించిన తొలి నల్లపట్టణమదియే. వారిలో తెలుగు కోమట్లు, బేరిసెట్లు, బలిజలు పెక్కుమంది యుండిరి. పరాసుల యాక్రమణ కాలమునను, అటుపిమ్మట కోటచుట్టు మైదానమును కల్పించుటకై ఇంగ్లీషువారి చేతను ఆ పట్టణము కూల్చివేయబడినది. మైదానమునకు హద్దుగా నాటిన స్తంభములలో 1773 సంవత్సరము గల దొకటి ప్యారీ మూలయొద్ద నేటికిని నిలిచియున్నది. బాటసారులు దానిని దాటి పోవుచుందురు. ఎవరును నిలిచి చూడరు.

ఆ పట్టణ మధ్యమున చెన్నకేశవస్వామి యాలయ ముండెడిది. మైదానమునకై అదియు తొలగింపబడినది. 1760 ప్రాంతములందు జార్జిటవునులో దేవరాజ మొదలి వీథిలో చెన్నకేశవునకును, చెన్నమల్లేశ్వరునకును జంటగా ఆలయములు నిర్మితమైనవి. గవర్నరు పిగటునకు దుబాసీగా నుండిన మణలి ముత్తుకృష్ణ మొదలి ఈ పునర్నిర్మాణమునకు ముఖ్యుడు. పూలయంగళ్ల నడుమ ఆ గోపురములను వెదకి పట్టుట కొంచెము కష్టమే. ఇచటను పూర్వసూత్రమే వర్తించును. దేవుడు పాతవాడు; గుడి క్రొత్తది; స్థలము వేరు. ఆలయము నాశ్రయించి నగరమునకు చెన్నకేశవుని పేరు వచ్చినదని చెప్పువారు, పట్టణము నాశ్రయించి దేవునికే ఆ పేరు వచ్చెనని చెప్పువారి వాదమును గూడ విచారింపవలెను.

4. ఎగ్మూరు శిలలు

మధ్యాహ్నమున ఎగ్మూరు ప్రభుత్వ ప్రదర్శనశాలకు జేరితిని. 1851లో స్థాపితమైన ఆ సంస్థకు ఎడ్వర్డు బాల్ఫరు మొదటి అధికారి. అమరావతి శిల్పముల మందిరము దాని ప్రాణము. ఆ స్తూపము ధాన్యకటకమున క్రీస్తునకు పూర్వమే ఆరంభమై శాతవాహనుల కాలమున శోభను గాంచినది. నలగిరి యను మదగజమును బుద్ధుడు శాంతింపజేసిన వృత్తఫలకము నిచ్చట చూడవచ్చును. ఎడమవైపున ఏనుగు జనమును త్రొక్కుచు బరువెత్తుచున్నది. కుడివైపున అదే యేనుగు బుద్ధుని పాదముల కడ మోకరిల్లినది. ఒక్క వలయమున రెండు కాలములను శిల్పి కూర్చినాడు. మేడలపైనుండి చూచు స్త్రీల భయమును గూడ మరచిపోలేదు. సి. శివరామమూర్తి 1942లో ప్రకటించిన గ్రంథము ఈ శిల్పములకు నేటికిని ఉత్తమ మార్గదర్శి.

ఈ శిలలు ఇచ్చటికి వచ్చిన విధము ఒక దుఃఖకథ. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా నిర్మించుచుండగా, దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు వాడిరి. 1797లో కోలిన్ మెకంజీ ఆ వార్త విని స్థలమును చూచెను. పిమ్మట 1816 ప్రాంతమున మరల వచ్చి, మిగిలినదానికి పటములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించి పెక్కు ఫలకములను మద్రాసునకు పంపెను. వానిలో అధికభాగము 1859లో లండనునకు చేరి, 1880 నుండి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. 1877లో రాబర్టు సూయలు, 1881 ప్రాంతమున జేమ్సు బర్జెసు త్రవ్వించినవి మద్రాసునకు వచ్చినవి. స్తూప మొక్కటి, దాని యవయవములు అమరావతిలో, చెన్నపురిలో, కలకత్తాలో, లండనులో చెల్లాచెదరై యున్నవి. ఏ రాయి ఏ దిక్కునుండి వచ్చినదో తెలిసికొనుటకు మెకంజీ పటములే ఆధారము. శిలకంటె కాగితము విలువైన సందర్భమిది.

తెలుగు విద్యార్థి యిచట గమనింపవలసిన దింకొకటి కలదు. అమరావతి శాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నవి. దాతలు రాజులు మాత్రమే కారు. గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు ఉన్నారు. విధికుడను చర్మకారుడు కుటుంబముతో గూడి పూర్ణఘటఫలకమును దానము చేసినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు మాటగా గుర్తించిన ‘నాగబు’ అను పదము గూడ అమరావతి శిలమీదిదే. ఒక్క పదమునుండి భాషాచరిత్రను పూర్తిగా నిర్మింపజాలము. అయినను ఆ పదము రాతిమీద నుండుటచేతనే మనకు తెలిసినది. భవనములకై పగులగొట్టిన రాళ్లలో ఎన్ని పదములు పోయినవో లెక్కించుట కెవరికిని సాధ్యము కాదు.

5. కైఫీయతులు, కావలి సోదరులు

మధ్యాహ్నము తరువాత ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు పోతిని. 1869లో ఏర్పడిన ఈ గ్రంథాలయము చిరకాలము విశ్వవిద్యాలయపు ఆవరణమున నుండి, తరువాత కోట్టూర్పురమునందలి అన్నా శతజయంతి గ్రంథాలయ భవనమునకు మారినది. మెకంజీ, లేడెను, బ్రౌను అను మువ్వుర సేకరణములు దీనికి పునాది. సి. పి. బ్రౌను కడపలోను, మచిలీపట్టణములోను, మద్రాసులోను పండితులకు జీతములిచ్చి వ్రాయించిన కావ్యప్రతులు లేనిచో మన సాహిత్యచరిత్రలో పెక్కు పుటలు ఖాళీగా నుండెడివి.

ఇచట కొంచెము నిలిచి మెకంజీ సేకరణమును గూర్చి చెప్పవలెను. స్కాట్లండు దేశమున లూయిస్ ద్వీపమున బుట్టిన మెకంజీ 1783లో మద్రాసునకు సైన్యోద్యోగియై వచ్చెను. 1815లో భారతదేశపు సర్వేయరు జనరలు పదవిని పొంది, 1821 మే 8న మరణించెను. దేశభాషలు ఆయనకు రావు. వచ్చినది ఏలూరి ప్రాంతపు కావలి సోదరులకు. కావలి వెంకటబొఱ్ఱయ్య పండితులను, గుమాస్తాలను ఎన్నుకొని, గ్రామగ్రామమునకు పంపి, కరణములయొద్దనున్న దండకవిలెలను వ్రాయించి, శాసనములకు నకళ్లు తీయించి, ఈ మహాకార్యమునకు పద్ధతి నేర్పరచెను. ఆయన 1803లో చిన్న వయస్సుననే మరణింపగా తమ్ముడు వెంకటలక్ష్మయ్య ఆ భారమును వహించెను. మరియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున వ్రాసి 1829లో ప్రకటించెను. తెలుగు కవులను గూర్చి ముద్రితమైన తొలి చరిత్రగ్రంథములలో అదియొకటి.

మెకంజీ మరణానంతరము సేకరణమును కంపెనీ లక్షరూపాయలకు కొనినది. ఆ మొత్తము ఆయన భార్యకు చెందినది. లక్ష్మయ్యకు మిగిలినది పని మాత్రమే. ఆ పనినే కొనసాగించుటకు తనకు అనుమతి నీయుడని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఆ విన్నపమును విచారించినది. కార్యదర్శి జేమ్సు ప్రిన్సెపు. ఆధారములను సేకరింపగలిగినను, వానిని పరిశీలించి చరిత్ర వ్రాయుటకు దేశీయుడు చాలడను భావముతో విన్నపము త్రోసివేయబడినది. పరిశీలన కార్యము విలియం టెయిలరునకు దక్కినది. నలువదేండ్ల యనుభవము గల వాడు సేకర్తగా మిగిలెను. ఇంకొకడు చారిత్రకు డయ్యెను. బ్రాహ్మీలిపిని చదివి మన చరిత్రకు మహోపకారము చేసిన ప్రిన్సెపే ఈ నిర్ణయములో పాలుగొనుట చరిత్రలోని విషాదము. వ్యక్తులను నిందించుటకై దీనిని చెప్పుటలేదు. ఆధారములను కూర్చువాడు, అర్థము చెప్పువాడు అను విభజన ఎచట ఆరంభమైనదో పరిశోధకులు గుర్తింపవలెనని చెప్పుచున్నాను. క్షేత్రమున పాటలు, శాసనములు సేకరించి తెచ్చు విద్యార్థి పేరును అడుగున వ్రాయు అలవాటు మనలోను లేకపోలేదు.

కైఫీయతులను వాడునపుడు జాగ్రత్త యవసరము. మూలపు వ్రాతలు జీర్ణించుచుండగా బ్రౌను వానికి ప్రతులు వ్రాయించెను. ‘లోకల్ రికార్డులు’ అని మనము పిలుచు సంపుటములు అవియే. కావున మన చేతిలో నున్నది కొన్నిచోట్ల నకలుకు నకలు. పదునెనిమిదవ శతాబ్దాంతపు కరణము ప్రతాపరుద్రుని గూర్చి చెప్పిన మాట ప్రతాపరుద్రుని కాలమునకు సాక్ష్యము కాదు. ఆ కరణము కాలమున జనము ప్రతాపరుద్రుని ఎట్లు స్మరించిరనుటకు సాక్ష్యము. ఈ భేదమును మరచిన వ్యాసములు నేటికిని వచ్చుచున్నవి.

అచ్చటినుండి సభకు పోవుదారిలో రెండు స్థలములు చూచితిని. ఒకటి కాలేజి రోడ్డులోని పాత కళాశాల యావరణము. 1812లో ఎల్లిసు దొర స్థాపించిన సెంటు జార్జి కోట కళాశాల యిచట నుండెను. 1816లో వెలువడిన క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో ఒకే కుటుంబమునకు జెందినదనియు ఎల్లిసు నిరూపించెను. కాల్డువెలు గ్రంథమునకు నలువదేండ్లు పూర్వమే జరిగిన విషయమిది. రెండవది మైలాపురమున రాయపేట రహదారిలోని పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనము. 1952 అక్టోబరు 19 నుండి డిసెంబరు 15 వఱకు ఆయన నిరాహారదీక్ష చేసి ప్రాణములు విడిచిన యిల్లది. బులుసు సాంబమూర్తిగారు ఆయనకు ఆశ్రయ మిచ్చిరి. ఇచట మాత్రము పూర్వసూత్రము వర్తింపదు. సంఘటన జరిగిన చోటనే స్మారకము నిలిచినది.

6. సాయంకాలపు ప్రసంగము

ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము దామెర్ల అంకభూపాలుని ‘ఉషాపరిణయము’. అంకభూపాలుడు చెన్నప్పనాయకుని కుమారుడు. వేంకటప్పకు, అయ్యప్పకు తమ్ముడు. కావ్యమును తండ్రి కంకితము చేసెను. కృతిపతి వంశవర్ణనమున ఒక విశేషము కలదు. ప్రళయకావేరికిని మైలాపురమునకును నడుమ, వలందులకు బుడతకీచులకు నిత్యము జరుగుచుండిన కలహము నణచుటకై, అయ్యప్ప తండ్రిపేర చెన్నపట్టణమును నిర్మించెనని కవి చెప్పినాడు. ప్రళయకావేరి యనగా పులికాటు; 1613లో అచట వలందులు కోట కట్టుకొనిరి. మైలాపురము చెంత శాంథోమున బుడతకీచులు అంతకుముందే స్థిరపడి యుండిరి. భూగోళము సరిపోయినది, రాజకీయము సరిపోయినది. 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు విజయనగర చరిత్రాధారముల సంపుటమున ఈ భాగమును చేర్చుటచే చారిత్రకుల దృష్టి దీనిపై ప్రసరించినది.

నేను సభవారి యెదుట మూడంశములు ఉంచితిని.

మొదటిది, కావ్యమునకు కంపెనీ పత్రమునకు గల భేదము. పత్రమున దాత వేంకటాద్రి. కావ్యమున పట్టణనిర్మాత అయ్యప్ప. ఒకటి సత్యము, ఒకటి అసత్యము అని త్రోసివేయ నక్కరలేదు. రెండును వేర్వేరు కార్యములను చెప్పుచుండవచ్చును. కోటకట్టుకొనుటకు అనుమతి యిచ్చుట ఏలువాని హక్కు; అది జ్యేష్ఠుడైన వేంకటప్పకు చెందును. ప్రజలను రప్పించి వీథులు తీర్పించి పట్టణము నిలుపుట సమీపమున పూందమల్లిలో నుండు అయ్యప్పకు సాధ్యము. అన్నదమ్ములలో కవి సన్నిహితుడు. కంపెనీ గుమాస్తా పరాయివాడు. కాని సన్నిహితుడు స్తుతించును. పరాయివాడు లెక్క వ్రాయును. ఇరువురిని ఎదురెదురుగా నిలిపి వినుటయే మన పని.

రెండవది, పేర్ల సంఖ్య. దానపత్రమున మద్రాసుపట్టణము, కావ్యమున చెన్నపట్టణము. 1645లో మూడవ శ్రీరంగరాయలు ఇంగ్లీషువారి హక్కులను స్థిరపరచుచు ఇచ్చిన పత్రమున శ్రీరంగరాయపట్టణ మను మూడవ పేరు కలదు. ఆరేండ్లలో ఒక్క తీరమునకు మూడు పేర్లు. రాజు పెట్టిన పేరు రాజుతో పోయినది. ఇంగ్లీషువారు వాడిన పేరు రాజ్యాంగమునకు ఎక్కినది. జనము వాడిన పేరు జనము నోట నిలిచి, 1996లో అధికారనామ మయినది. దేశమున ఏ పేరు నిలుచునో నిర్ణయించునది శాసనము కాదు, వాడుక యనుటకు ఇంతకంటె మంచి నిదర్శన ముండదు.

మూడవది, కావ్యావతారికల విలువ. మన ప్రబంధములలో అవతారికలను విద్యార్థులు పరీక్షకై చదువుదురు. కృతిపతి వర్ణనమని దాటవేయుదురు. అతిశయోక్తులను తీసివేసినపిదప మిగులు ఊళ్లపేర్లు, చెరువులపేర్లు, చుట్టరికములు, శత్రువులపేర్లు ఎంతయో అమూల్యములు. వంద పద్యములలో ఒక్క పద్యము నగరచరిత్రనే మార్చగలదని ఉషాపరిణయము చాటుచున్నది.

7. రెండు ప్రశ్నలు

ప్రసంగానంతరము వచ్చిన ప్రశ్నలలో రెండు ఈ వ్యాసమునకు ముఖ్యములు.

ఎనుబదియేండ్లు దాటిన పెద్ద ఒకరు లేచి, “అయ్యా, ఊరు కట్టించినది తెలుగు ప్రభువులని మీరే చెప్పితిరి. ‘మద్రాసు మనదే’ యని మేము బడిపిల్లలముగా నున్నప్పుడు వీథులలో అరచితిమి. మరి అది న్యాయమే కదా?” అని యడిగిరి. సభ నిశ్శబ్ద మయ్యెను. ఆయన కోరినది నా చేత ఒక తీర్పు. సభలో అధికులు ఔననుటనే ఆశించిరని వారి ముఖములే చెప్పుచుండెను.

నేను చెప్పిన సమాధాన మిది. “తాతగారూ, దామెర్లవారు తెలుగువారు, ఆనాటి వర్తకులలో, దుబాసీలలో తెలుగువారు పెక్కుమంది, ఇది సాక్ష్యములచే స్థిరము. దీనిని కాదనుట తప్పు. కాని చెన్నపట్టణము కట్టకముందే తిరువళ్లిక్కేణి యున్నది. అచటి పార్థసారథిస్వామి యాలయమున పల్లవ దంతివర్మ శాసనము తొమ్మిదవ శతాబ్దికి ముందువెనుకలది. మైలాపురము అంతకంటె పాతది. చుట్టుపట్ల పల్లెల పేర్లు తమిళములు. ఏలినవారి భాష వేరు. దున్నినవారి భాష వేరు. 1949లో నెహ్రూ, పటేలు, పట్టాభి గల సంఘము మద్రాసు మీది కోరికను విడిచినచో ఆంధ్రరాష్ట్ర మేర్పడవచ్చునని చెప్పినది. 1953లో అట్లే జరిగినది. అది రాజకీయ నిర్ణయము. దానిని రాజకీయముగనే మెచ్చవచ్చును, నిందింపవచ్చును. పదునేడవ శతాబ్దపు పద్యమును ఇరువదవ శతాబ్దపు క్రయపత్రముగా వాడుట మాత్రము చరిత్ర కాదు.”

ఆయన కొంత తడవు ఊరకుండి, “సరే, నాయనా. కట్టినామని చెప్పుకొనుటకు అడ్డు లేదు గదా” అనిరి. లేదంటిని. అదియే సత్యమునకు తగిన కొలత. ఒక నగరనిర్మాణమున భాగస్వాములమని చెప్పుకొనుట వేరు. అది మాదే యనుట వేరు. మొదటిదానికి సాక్ష్యములు కావలసినన్ని కలవు. రెండవదానికి పూనుకొన్నచో ఆ సాక్ష్యములే సన్నగిల్లును; ఏలయన ప్రతిపక్షము వానిని శంకించుట కారంభించును. తెలుగువారి పాత్రను కొందఱు చిన్నచేసి వ్రాయుటకు మన యతివాదమే కొంత కారణమని నా యభిప్రాయము.

రెండవ ప్రశ్న ఒక కళాశాల విద్యార్థినిది. ఆమె చెన్నపురిలో పుట్టి పెరిగినది. “సార్, ఇంట్లో తెలుగే మాట్లాడతాము. నాకు చదవడం రాదు. మీరు చెప్పిన పద్యం నేను ఎట్లా చూచేది?” అని యడిగినది. మాటలాడు భాషకు లిపిని నేర్చుకొనుటకు కొన్ని వారములు చాలును. లిపి వచ్చి భాష రానివానికి ఏండ్లు పట్టునని, కష్టమైన భాగము ఆమె యింటిలోనే జరిగిపోయినదని చెప్పితిని. మరియొక మాటయు చెప్పితిని. ఆమెకు తమిళము చదువవచ్చును. ఆలయ లేఖ్యములు, దానపత్రములు, భూముల కాగితములు ఈ నగరమున తమిళమునను కలవు. తెలుగునాట పరిశోధించు మాలో అధికులకు తమిళము రాదు. ఆమెకు రాని పద్యము మాకు వచ్చును. మాకు రాని పత్రము ఆమెకు వచ్చును. ఈ రెండు చదువులు కలిసిననే చెన్నపట్టణపు చరిత్ర సమగ్ర మగును.

8. ఉపసంహారము

పైవిచారమునుండి పరిశోధక విద్యార్థులు చేయదగిన కార్యములు కొన్ని తేలుచున్నవి. దామెర్లవారి సంబంధము గల కావ్యావతారికలను వ్రాతప్రతులతో సరిచూచి, సవిమర్శముగ ఒక్కచోట ప్రకటింపవలెను. కైఫీయతులకు చెన్నపురిలోని ప్రతులను, హైదరాబాదు ప్రతులను గ్రామము గ్రామముగా పోల్చవలెను. భేదములను పాఠాంతరములుగా చూపవలెను. కావలి సోదరుల లేఖలు, నివేదికలు ఇంగ్లీషు దస్తరములలో చెదరియున్నవి. వానిని వెలికితీసి, వారిని సేకర్తల వరుసనుండి చారిత్రకుల వరుసకు చేర్చవలెను. తెలుగు ఎం.ఏ. చదువునపుడే తమిళ కన్నడములలో ఒకదానిని చదువనేర్చు ఏర్పాటు శాఖలలో నుండవలెను. ఎల్లిసు 1816లో చూపిన బాంధవ్యమును మనము పాఠముగా చెప్పుచున్నాము, పనిగా చేయుటలేదు.

చెన్నపురిలో సమాధిశిలలు కదలినవి; ఆలయము కదలినది; స్తూపము ముక్కలై కదలినది; తాళపత్రములు ఇల్లు మారినవి; రాష్ట్రపు హద్దు సైతము కదలినది. కదలినదానిని దాని పూర్వస్థానమున నిలిపి చూపుట చారిత్రకుని ధర్మము. దానిని మన యింటికి తరలించుకొనుట మరియొక కదలిక మాత్రమే యగును.